ఎయిర్‌గన్నునకు తగిన గుండ్లు: ఎన్నుకొను విధము

జొన్న కంకి పాలు పోసికొను దినములలో ఆళ్లగడ్డ చుట్టుపట్ల చేలలో మంచెనెక్కి కావలికాయు ముసలివారిని మీరెల్లరు చూచియే యుందురు. వడిసెలకు రాళ్లేరుటలో వారు చూపు శ్రద్ధను మాత్రము చాలమంది గమనించి యుండరు. వాగు ఇసుకలో వంగి వంగి వెదకి, నిమ్మకాయకంటె చిన్నవి, గుండ్రనివి, దాదాపు ఒకే బరువుగలవి మాత్రమే ఒడిలో వేసికొందురు. పలకలు దేరినదానిని, ఒకవైపు మొనదేలినదానిని చేతితో తడవినంతనే పారవైతురు. ఎందులకట్లు పారవైచితివని నేనొకప్పుడు ఒక అవ్వను అడిగితిని. "అది మన మాట యినదు నాయనా, యాడికి బోవల్లనో అదే జూసుకుంటాది" అని ఆమె నవ్వెను. ఎయిర్‌గన్ను గుండ్లను గూర్చి నేనిందు వ్రాయబోవునది ఆ అవ్వ మాటకంటె గొప్పదేమియు గాదు. కొంచెము విస్తరము, అంతే.

ఇది వ్రాయుటకు కారణమొకటి కలదు. మన సంఘ సభ్యులలో నొకరు శనగ నిలువచేయు కొట్టమున పందికొక్కుల బాధ పడలేక నిరుడు ఒక ఎయిర్‌గన్ను కొని తెచ్చిరి. పది మార్లు కాల్చిన రెండు మార్లు తగులుననియు, తగిలినది కూడ అక్కడ చావక కన్నములో దూరి వారము దినములు కంపు కొట్టుచున్నదనియు, తుపాకి అమ్మినవాడు తన్ను మోసగించెననియు ఆయన నాతో మొరపెట్టుకొనిరి. తుపాకిని పిమ్మట చూతము, ముందు గుండ్ల డబ్బాను తెండని నేనంటిని. మూత తీయగా అడుగున సీసపు పొడి పేరుకొని యున్నది. కొన్నింటి అంచులు నలిగి కోడిగ్రుడ్డు వాటముగా మారినవి. కంసాలి త్రాసును తెప్పించి ఒకదానికెదురుగ నొకదానిని పెట్టి తూచితిమి. ముల్లు నిలువున నిలిచిన జతలు కొలదియే. తాలును పుచ్చును ముక్కను కలిపి విత్తి, మొలక సమముగా రాలేదని నేలను నిందించు వానికిని తమకును భేదమేమని అడిగితిని. ఆయన మంచి సేద్యగాడు. మాట చురుకుగా తగిలినను కోపగింపలేదు.

గుండ్ల సంగతికి ముందు, వానిని దేనిమీద ప్రయోగింపవచ్చునో చెప్పుట నా విధి. మనకు నల్లమల అడవి కూతవేటు దూరముననే యున్నది. రామచిలుక, నెమలి, కౌజు, కుందేలు, కృష్ణజింక, అడవిపంది, ఇవి యన్నియు 1972వ సంవత్సరపు వన్యప్రాణి సంరక్షణ చట్టముచే రక్షింపబడినవి. నా చేనిలో దిగినది గనుక నా యిష్టమను వాదము న్యాయస్థానమున చెల్లదు. ఈ చట్టమును మీరినవారికి సామాన్యముగా మూడు సంవత్సరముల వరకు ఖైదు గాని, 2022 సవరణ పిమ్మట లక్ష రూపాయల వరకు జుల్మానా గాని, రెండును గాని విధింపవచ్చును. నెమలి, కృష్ణజింక వంటి వాని విషయమున శిక్ష యింకను కఠినము. ఒక ఎకరము జొన్నకై ఇంత తెచ్చుకొనుట తెలివి గాదు. ఎలుకలు, పందికొక్కులు మాత్రము ఈ రక్షణలోనికి రావు. ఇక తుపాకి మాట: 2016 ఆయుధ నిబంధనల ప్రకారము 4.5 మిల్లీమీటర్ల లోవ్యాసమునకు, 20 జౌళ్ల శక్తికి మించని ఎయిర్‌గన్నునకు లైసెన్సు అక్కరలేదు. బిల్లును మాత్రము భద్రపరచుకొనుడు. కావున ఈ వ్యాసములో వేట యన్నచో కళ్లములలోను కొట్టములలోను జరుగు ఎలుకల వేటయే యని గ్రహింపవలెను.

అట్లయిన చిలుకల మాటేమని మీరడుగుదురు. వానికి వడిసెల చప్పుడును, డబ్బా మ్రోతయు ఉండనే యున్నవి. ఒకవైపు ఎరుపును మరియొకవైపు వెండిరంగును గల మెరయు రిబ్బనును కర్రలకు కట్టి, కంకులకు అడుగు ఎత్తున రెండు మూడు మెలికలు త్రిప్పి సాగదీసినచో, గాలికి అది తళతళ మెరసి గుయ్యిమని మ్రోగును, పిట్టలు బెదరును. అయితే పది దినములు గడచినచో అలవాటుపడును గనుక, ముందే కట్టక గింజ పాలు పట్టినప్పుడే కట్టవలెను. చేని చుట్టును నాలుగు సాళ్లు అదనముగా జొన్న విత్తి పిట్టలకు వదలిపెట్టు పాత పద్ధతి కూడ మంచిదే. నాకు తెలిసినంతలో దానివలన నష్టపడినవారు లేరు.

ఇక గుండు నిర్మాణము. దానిని డమరుకముతో పోల్చవచ్చును: తల గుండ్రము, నడుము సన్నము, వెనుకభాగము బోలు. గొట్టములోపల మెలికలు తిరిగిన సన్నని గాళ్లుండును. స్ప్రింగు వదలినప్పుడు పుట్టిన గాలి ఒత్తిడి వెనుకటి బోలులో దూరి, ఆ పలుచని అంచును వెడల్పుచేసి గొట్టమునకు అదిమిపెట్టును. అప్పుడు గాలి ప్రక్కలకు పోదు. గాళ్లవెంబడి గుండు బొంగరమువలె తిరుగుచు బయటకు వచ్చును. వెనుకభాగము బోలుగాను తేలికగాను ఉండుటచే, బాణమునకు ఈకలవలె అది తలను ముందునకే నిలుపును. ఆ అంచు ఒకచోట నలిగినచో గాలి ఆ సందున ముందు తప్పించుకొనును. గుండు గొట్టపు నోటిలోనే ప్రక్కకు నెట్టబడును. నోటివద్ద వెంట్రుకవాసి తప్పు అరువదడుగుల దూరమున జానెడు తప్పగును. ఈయొక్క విషయము తెలిసిన చాలును, డబ్బాను గిలకరించుట, జేబులో చిల్లరతో కలిపి వేసికొనుట వారంతట వారే మానుకొందురు.

తల ఆకారమును గూర్చి అంగళ్లలో చాల మాటలు చెప్పుదురు. బల్లపరుపు తలగలది కాగితమునకు గుండ్రని రంధ్రము కోయును. పందెములలో పది మీటర్ల గురికి దానినే వాడుదురు. కొట్టము లోపలి దూరములకు అది చక్కగా పనిచేయును. గుండ్రని తలగలది దూరము పోయినకొలది గాలిని బాగుగా చీల్చుకొనిపోవును. మొనదేలిన గుండు చూచుటకు భయంకరముగా నుండి కొనువారిని మోహపెట్టును గాని, డబ్బాలోనే మొనలు ఒండొంటికి తగిలి వంగును. నాకు దానిపై నమ్మకము లేదు. ఉక్కు గోళీలను గాళ్లుగల తుపాకిలో ఎన్నడును వేయరాదు. గాళ్లు చెడును, గోళీలు తిరిగి మనపైకే వచ్చును.

డబ్బాపై బరువును గ్రెయినులలో వ్రాయుదురు. గ్రెయిననగా ఇంగ్లీషువారి భాషలో గింజయే. యవగింజను బట్టి వచ్చిన తూకము. మన కంసాలులు గురిగింజతో తూచినట్లే వారును గింజతోనే తూచిరి. సుమారు పదునైదున్నర గ్రెయినులు ఒక గ్రాము. 4.5 మిల్లీమీటర్ల సామాన్యపు స్ప్రింగు తుపాకికి ఏడు మొదలు ఎనిమిదిన్నర గ్రెయినుల వరకు, అనగా రమారమి అర గ్రాము గుండు తగును. మిక్కిలి తేలికైనది వేగముగా బయలుదేరి త్వరలోనే వేగము కోల్పోవును; లోపలి పిస్టనుకు ఎదురు లేక తుపాకికిని దెబ్బ. మిక్కిలి బరువైనది నెమ్మదిగా పోయి తొందరగా క్రిందికి వంగును. తల వ్యాసమును కూడ 4.50, 4.51, 4.52 అని కొన్ని డబ్బాలపై వ్రాయుదురు. ఈ స్వల్పభేదమును నవ్వి త్రోసివేయవలదు. బొటనవ్రేలితో మెల్లగా అదుమగా గుండు గొట్టములో కుదురుకొనవలెను. జారిపడిన వదులు, బలముగ నెట్టవలసివచ్చిన బిగువు, నెట్టుటలోనే దాని రూపు చెడును.

అయితే ఏ గుండు మంచిది? ధరను బట్టి చెప్పలేము, దేశమును బట్టి చెప్పలేము. 1906లో నెలకొన్న మన నంద్యాల పరిశోధనా స్థానమునుండి సూర్యనంది కొర్రవంటి మంచి రకములు వచ్చినవి. అయినను వివేకముగల రైతు క్రొత్త రకమును మొదటి యేడే పొలమంతట చల్లడు. ఒక మడిలో చల్లి తన నేలకు ఒప్పునో లేదో చూచును. ఇచ్చటను అంతే. రెండు మూడు రకములు చిన్న డబ్బాలు కొనుడు. గాలి కదలని ప్రొద్దుటివేళ, ఇరువది మీటర్ల దూరమున, తడియిసుక నింపిన పెట్టెకు కాగితము నంటించి నడుమ ఒక చుక్క పెట్టుడు. ముందటి చేతిక్రింద ఇసుకసంచి నుంచి, తుపాకిని అరచేతిపై వదులుగా నానించి కాల్చుడు. స్ప్రింగు తుపాకి వదలునప్పుడు ముందుకు వెనుకకు ఒకమారు ఊగును. గట్టిగా బిగించి పట్టినచో ఊపు ప్రతిమారు వేరువేరుగా నుండి గురి చెదరును. రకము మార్చినప్పుడెల్ల మొదటి పది గుండ్లను లెక్కలోనికి తీసికొనవలదు. ఆ సీసము గొట్టమునకు అలవాటుపడవలెను. పిమ్మట అయిదేసి గుండ్లు చొప్పున మూడు కాగితములపై కాల్చి, రంధ్రములెంత దగ్గరగా నున్నవో కొలువుడు.

అవి చుక్కపై పడినవా లేదా యనుట ఇప్పుడు చూడవలదు. ఒకచోట గుమిగూడినవా యనునదే ప్రశ్న. గుంపు ప్రక్కకు పడినచో గురి మరలను సవరింపవచ్చును. చెదరిన గుంపును ఏ మర సవరింపజాలదు. ఎలుక ప్రాణస్థానము రూపాయి బిళ్ల కంటె పెద్దది గాదు. ఏ దూరమున మీ అయిదు గుండ్లును రూపాయి బిళ్లక్రింద దాగునో, ఆ దూరమే మీకు హద్దు. అది పది మీటర్లయిన పది మీటర్లే. సెకనుకు నూటయెనుబది మీటర్ల వేగముతో బయలుదేరిన గుండు ఇరువదియైదు మీటర్లు చేరులోపల గొట్టపు గీతనుండి నాలుగంగుళములు క్రిందికి పడును. హద్దు దాటి కాల్చువాడు ఊహతో కాల్చుచున్నాడు. నోరులేని జీవమును కాలు విరిచి కన్నములోనికి తరుముట పనికిమాలిన క్రూరము, కొట్టమునకును కీడు.

ఇట్లు పట్టుపట్టి చెప్పుటకు నా బాల్యమున జరిగినదొకటి కారణము. నేను మిషను బడిలో చదువుకొనుచు సెలవులకు ఇంటికి వచ్చినపుడు, మా చిన్నాయన కొడుకును నేనును అరువు తెచ్చిన ఎయిర్‌గన్నుతో దొడ్డిలో తొండను కాల్చితిమి. కాల్చినది నేనే. తొండ కూర్చున్నది కడపబండ గోడపైన. గుండు తప్పి, బండకు తగిలి, ప్రక్కకు చీలిపోయి మా వాని కనుబొమపై నాటెను. అర అంగుళము దిగువ పడియున్నచో కన్ను పోయెడిది. ఆ మచ్చ నేటికిని కలదు; పెండ్లిండ్లలో కలిసినపుడు అతడు దానిని వ్రేలితో చూపి నవ్వును, నేను నవ్వలేను. మన ఊళ్లలో కంచెకు బండ, నేలకు బండ, శిల్పుల పాకల చుట్టు బండ. గుండు వెనుక మట్టిగాని ఇసుకసంచిగాని లేనిచోట మీట నొక్కరాదు. కొట్టములో సిమెంటు నేలపై కాల్చుట అన్నిటికంటె అపాయము.

సీసము విషమని మరువవలదు. కాల్చునప్పుడు గుండ్లను పెదవులమధ్య పట్టుకొను దురభ్యాసము కొందరికి కలదు, తక్షణము మానవలెను. చేతులు సబ్బుతో కడుగుకొనక అన్నము ముట్టరాదు. డబ్బాలు పిల్లలకు అందరాదు. చచ్చిన ఎలుకలను దిబ్బపై పారవేసినచో ఆ సీసమును గద్దయు గుడ్లగూబయు మ్రింగును. అవి మనకంటె నేర్పరులైన ఎలుకవేటగాండ్రు గనుక, లోతుగా పూడ్చుట మంచిది.

కొట్టపు రైతుగారి కథ ముగింపవలసి యున్నది. మూడు రకముల గుండ్లు తెప్పించి వారి కళ్లములో రెండు ఉదయములు కాల్చి చూచితిమి. అన్నిటికంటె ఖరీదైన డబ్బా ఆ తుపాకిలో రెండవదిగా నిలిచెను. నడిమి ధరగల ఎనిమిది గ్రెయినుల గుండ్రని తల గుండు పదునైదు మీటర్లకు రూపాయి బిళ్లక్రింద ఒదిగెను. ఆయన సంతసించి, అదే రకము మరియొక డబ్బా తెప్పించి పొరుగున నున్న బావమరదికి కానుకగా నిచ్చిరి. ఆ బావమరది తుపాకియు అదే కంపెనీది, అదే సంవత్సరముది. అయినను దానిలో ఆ గుండ్లు అరచేతి వెడల్పున చెదరినవి. ఖరీదైన డబ్బా ఇంకను మిగిలియున్నది గదా, దానిని పెట్టి చూడుడని చెప్పితిని. అది అతని తుపాకికి కుదిరినది. ఇప్పుడు వారిద్దరును డబ్బాలు మార్చుకొనిరి.