సంతకమునకు ముందే సుంకము సంగతి

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అని మన పెద్దలు సెలవిచ్చినారు. పరదేశమున ఇల్లు కొనదలచిన వారి విషయమున ‘పన్ను కట్టి చూడు’ అను మాటను కూడ ఈ సామెతకు చేర్చవలసినదని మాకు తోచుచున్నది. ఇందుకు సింగపూరు మంచి నిదర్శనము. అచ్చట ఉద్యోగములు చేయుచున్న తెలుగువారు పెక్కుమంది గలరు గనుక, ఆ దేశపు పద్ధతిని కొంచెము వివరింతుము.

సింగపూరు చిన్న ద్వీపము. ఉన్న నేల కొద్ది; ఇండ్లు కొనుటకు ధనము మాత్రము పలుదేశములనుండి వచ్చును. ధరలు తమ పౌరులకు అందని ఎత్తునకు పోరాదని అచ్చటి ప్రభుత్వము, విదేశీయులు కొను నివాసగృహములపై 2011 డిసెంబరులో 10 శాతము అదనపు స్టాంపు సుంకమును విధించినది. అది 2013లో 15, 2018లో 20, 2021లో 30 శాతమైనది. 2023 ఏప్రిల్ 27 నుండి 60 శాతమునకు పెరిగినది.

ఒక లెక్క చూతము. ఒక ఫ్లాటు వెల 15 లక్షల సింగపూరు డాలర్లు. అందరును చెల్లించు మామూలు స్టాంపు సుంకము 44,600 డాలర్లు. తొలియిల్లు కొను పౌరునికి అంతతో సరి. శాశ్వత నివాసి తన తొలియింటిపై 5 శాతము, అనగా మరి 75,000 చెల్లించును. విదేశీయుడు చెల్లించవలసినది మరి 9 లక్షలు! ఇల్లు ఒక్కటే, భేదము కొనువానిలో నున్నది. ఇంకొక విశేషము. ఒప్పందముల కారణమున అమెరికా పౌరులను సింగపూరు పౌరులతో సమానముగా చూతురు. కావున అన్నదమ్ములలో అమెరికా పౌరుడైన తమ్మునికి లేని అదనపు సుంకము, భారత పౌరుడైన అన్నకు తప్పదు.

మనవారు ముఖ్యముగా జాగ్రత్తపడవలసిన చోటు మరియొకటి గలదు. శాశ్వత నివాసియైన కుమారుడు, గౌరవముకొరకు స్వదేశముననున్న తండ్రి పేరును కూడ దస్తావేజులో చేర్చినాడనుకొందము. కొనువారిలో ఎవరికి హెచ్చు రేటు వర్తించునో, ఆ రేటే ఇంటి మొత్తము వెలపై పడును. ఒక్క పేరు చేర్చినందున 5 శాతము 60 శాతమగును. పైగా, భారతదేశ నివాసియైన ఆ తండ్రి ఏటేటా తన ఆదాయపు పన్ను రిటర్నులో ఈ విదేశీ ఆస్తిని చూపవలెను. సింగపూరు పౌరుడు భార్యతో కలిసి తొలియిల్లు కొనునపుడు మాత్రము, ఆమె విదేశీయురాలైనను, నియమములకు లోబడి మినహాయింపు కోరవచ్చును.

సుంకము నిర్ణయమగునది క్రయపు ఒప్పందము కుదిరిననాటి స్థితిని బట్టి. తరువాత శాశ్వత నివాసము లభించినను కట్టినది తిరిగి రాదు. సింగపూరులో సంతకము చేసినవారు 14 దినములలో సుంకము చెల్లించవలెను. గడువు దాటిన సుంకమంత జరిమానా, మూడు నెలలు మించిన నాలుగు రెట్లు పడవచ్చును.

కావున పన్నుల శాఖతో వ్యవహారమును సంతకము చేసిన పిమ్మట కాక, ముందే ఆరంభింపవలెను. కొనువారు ఎవరు, వారి పౌరసత్వమేమి, ఇతర గృహములు గలవా అను వివరములతో శాఖకు వ్రాసి, వచ్చిన జవాబును భద్రపరచవలెను. దళారి నోటిమాట శాఖవారి యెదుట చెల్లదు. తండ్రి మీది గౌరవమును ఆయన పేరున గాక, ఆయనకొక గదిని అమర్చి చూపిన, అందుకు సుంకము లేదు.