మహత్తు, అమహత్తు: తెలుగు వ్యాకరణంలో మనిషికీ జంతువుకూ మధ్య గీత

వ్యాస సంగ్రహం

మనిషిని ఇతర ప్రాణుల నుంచి వేరుచేసే గీతను తెలుగు భాష ఎక్కడ గీసిందో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. ఆ గీత ఏకవచనంలో ఒకచోట, బహువచనంలో మరొకచోట ఉంది. పొరుగు ద్రావిడ భాషలతో దాన్ని పోల్చి, స్త్రీల విషయంలో దాని ఫలితాన్ని వివరించడం వ్యాస లక్ష్యం.

కీలక పదాలు: మహత్తు, అమహత్తు, వాచకాలు, గౌరవ బహువచనం, కూబి

1. ఉపోద్ఘాతం

మనిషికీ ఉన్నతశ్రేణి జంతువులకూ మానసిక శక్తుల్లో ఉన్న భేదం పరిమాణానికి సంబంధించినదే గాని స్వభావానికి సంబంధించినది కాదని చార్లెస్ డార్విన్ 1871లో మానవ పరిణామంపై ప్రచురించిన గ్రంథంలో వాదించాడు. జీవశాస్త్రానికి ఉన్న ఈ వెసులుబాటు వాక్యానికి లేదు. నేటి తెలుగులో ప్రథమపురుష క్రియను ప్రయోగించే వక్త దాదాపు ప్రతిసారీ కర్త ఏ వర్గానికి చెందినదో తేల్చుకోవలసి ఉంటుంది.

2. వ్యాకర్తల విభజన

పరవస్తు చిన్నయసూరి బాలవ్యాకరణం (1858) పురుషులను, వారి విశేషణాలను తెలిపే పదాలను మహత్తులుగా, తక్కినవాటిని అమహత్తులుగా విభజించింది. స్త్రీవాచకాలు ఏకవచనంలో అమహత్తులను, బహువచనంలో మహత్తులను పోలి ఉంటాయి.

విశాఖపట్నం సమీపంలో జాతీయ రహదారి మీద ఉన్న ఆనందపురం పూల మార్కెట్టును ఉదాహరణకు తీసుకోవచ్చు. అక్కడికి రైతు 'వచ్చాడు'. పూలమ్మే ఆమె 'వచ్చింది', ఆవు 'వచ్చింది', లారీ కూడా 'వచ్చింది'. సంఖ్య పెరగగానే గీత జరుగుతుంది: 'ఇద్దరు ఆడవాళ్ళు వచ్చారు', కాని 'రెండు ఆవులు వచ్చాయి'. ఒంటరిగా ఉన్నప్పుడు క్రియలో ఆవుతో సమానమైన స్త్రీ, మరొకరు తోడైనప్పుడు మనుష్యవర్గంలో చేరుతుంది. మనుష్యజాతి మొత్తానికి వాడే 'మానవుడు' అనే పదం సైతం పురుష ప్రత్యయంతోనే ముగుస్తుంది.

3. గీత దాటే ప్రాణులు

ఈ విభజన శరీర లక్షణాల మీద ఆధారపడలేదు. సూర్యుడు 'ఉదయించాడు', పసిబిడ్డ 'ఏడ్చింది'. కోతి 'దూకింది', హనుమంతుడు 'దూకాడు'. చిన్నయసూరి నీతిచంద్రికలో పావురాల రాజు చిత్రగ్రీవుడు, ఎలుక హిరణ్యకుడు. మాట, ఆలోచన, స్నేహధర్మం లభించిన జంతువుకు కథకుడు మహద్వాచకపు పేరు పెడతాడు. ఇందుకు విరుద్ధంగా, నిన్నటిదాకా 'ఉన్నాడు' అనిపించుకున్న మనిషి మరణించాక శవంగా 'ఉంది'. దీన్నిబట్టి మహత్తు అనేది జీవజాతి పేరు కాదనీ, భాషాసమాజం ఇచ్చే స్థానమనీ గ్రహించవచ్చు.

4. పొరుగు భాషల సాక్ష్యం

తమిళ వ్యాకరణం మనుష్యులను ఉన్నత వర్గంగా, తక్కినవాటిని ఆ వర్గానికి చెందనివిగా విభజిస్తుంది. అక్కడ స్త్రీకి ఏకవచనంలోనూ ప్రత్యేక క్రియారూపం ఉంది. అరకు ప్రాంతపు కొండదొరల భాష కూబిలో పరిస్థితి ఇందుకు భిన్నం. ఆచార్య భద్రిరాజు కృష్ణమూర్తి 1969లో ఈ భాషకు సమగ్ర వ్యాకరణం ప్రచురించారు. అందులో బహువచనంలో కూడా పురుషులు (లేదా స్త్రీపురుషుల సమూహం) ఒక వర్గం. కేవలం స్త్రీలు, జంతువులు, వస్తువులు మరొక వర్గం. మూలద్రావిడ భాషలో ఉన్నది ఈ పద్ధతేననీ, బహువచనంలో స్త్రీలను పురుషులతో చేర్చడం తెలుగులో తరువాత వచ్చిన మార్పనీ ఆయన ప్రతిపాదించారు. ఈ ప్రతిపాదనను అంగీకరిస్తే, మనుష్యత్వపు గీత చరిత్రలో ఒకసారి జరిగిందని చెప్పాలి.

5. గౌరవ బహువచనం

ఏకవచనంలోని లోటును వ్యవహారం గౌరవ బహువచనంతో పూరిస్తుంది. 'మేడమ్ వచ్చారు' అనే నోరే 'పనిమనిషి వచ్చింది' అంటుంది. స్త్రీకి క్రియలో మనుష్యరూపం లభించడం ఇక్కడ హోదా, వయస్సు, కులం, ఉద్యోగం మీద ఆధారపడుతోంది. పురుషుణ్ణి ఎంత చులకనగా 'వాడు' అన్నా, 'వచ్చాడు' అనే రూపం అతనికి మిగులుతుంది. స్త్రీని చులకన చేసినప్పుడు మిగిలేది 'అది'. పశువుకూ రాయికీ వాడే సర్వనామం అదే.

అయితే వ్యాకరణ వర్గాన్ని నేరుగా సామాజిక తిరస్కారంగా భావించడం తొందరపాటు. అమహత్తు జంతువుల వర్గం కాదు. మహత్తు కానివన్నీ చేరే శేషవర్గం. పైగా 'ఆమె', 'ఆవిడ', 'ఒకతె' వంటి పదాలు స్త్రీని వేరుగానే గుర్తిస్తాయి. పరిశీలించవలసిన అంశం వ్యాకరణం ఇచ్చిన ఈ రూపాలను వక్తలు ఎవరి విషయంలో ఎలా ఎంచుకుంటున్నారన్నది.

6. ముగింపు

మనిషికీ జంతువుకూ మధ్య ఒకే స్థిరమైన గీత ఉందన్న భావనను తెలుగు వాక్యం సమర్థించదు. ఆ గీత వచనాన్నిబట్టి, కథనాన్నిబట్టి, గౌరవాన్నిబట్టి జరుగుతూ వచ్చింది. బహువచనంలో భాష స్త్రీకి సహజంగా ఇచ్చిన స్థానం, ఏకవచనంలో ఇప్పటికీ ఎదుటివారి మర్యాద మీద ఆధారపడి ఉంది. తరగతి గదిలో వాచకాలను బోధించేటప్పుడు సూత్రంతోపాటు ఈ ప్రయోగాన్ని కూడా విద్యార్థుల ముందుంచితే, వ్యాకరణం సమాజాధ్యయనానికి సాధనమవుతుంది.