పసుపు దీపం ఏం చెబుతోంది?

మా రాత్రి బడికి ఒక అక్క వస్తుంది. వాళ్లాయన అద్దెకు కారు నడుపుతాడు. అప్పు చేసి కొన్న పెట్రోలు కారు. దాని మీదే ఇల్లు గడవాలి. నెలనెలా వాయిదా కట్టాలి.

ఒకరోజు కారు వణకడం మొదలుపెట్టింది. స్టీరింగు ముందు పసుపు దీపం వెలిగింది. మెకానిక్ దగ్గరికి ఇద్దరూ వెళ్లారు. అతను చిన్న మిషను తగిలించి చూశాడు. "ఇంజిన్ విప్పాలి. 20,000 రూపాయలు అవుతుంది" అన్నాడు.

వాళ్లాయన గుండె జారిపోయింది. అక్క మాత్రం, "ఆ మిషనులో ఏం పడిందో చూపించు తమ్ముడూ" అంది. ఒక ఇంగ్లీషు అక్షరం, పక్కన నాలుగు అంకెలు ఉన్నాయి. పి 0301. అక్క దాన్ని చీటీ మీద రాసుకుంది. "ఇంకో చోట కూడా అడుగుదాం" అంది.

ఆ అంకెల్లో ఏముంది? మనమూ తెలుసుకుందాం.

కారులో కంప్యూటర్

ఇప్పటి కార్లలో చిన్న కంప్యూటర్ ఉంటుంది. ఇంజిన్‌కు గాలి ఎంత వస్తోంది, వేడి ఎంత ఉంది, పెట్రోలు సరిగా మండుతోందా అని చూస్తూ ఉంటుంది. తేడా వస్తే పసుపు దీపం వెలిగిస్తుంది. తేడా ఎక్కడ కనిపించిందో ఒక నంబరుగా దాచి పెడుతుంది. ఆ నంబరునే కోడ్ అంటారు. అమెరికాలో 1996 నుంచి కొత్త కార్లన్నిటికీ ఒకే రకం కోడ్‌లు పెట్టారు. ఇప్పుడు మన దేశంలో అమ్మే కొత్త కార్లలోనూ ఈ ఏర్పాటు ఉంది.

నంబరు చదువుదాం

పి అంటే ఇంజిన్, గేర్ల వైపు తేడా.
0 అంటే ఈ కోడ్‌కు అన్ని కంపెనీల కార్లలోనూ ఒకటే అర్థం.
3 అంటే పెట్రోలు అంటుకోవడంలో తేడా.
01 అంటే ఒకటో సిలిండర్.

సిలిండర్ అంటే ఇంజిన్లో పెట్రోలు మండే గది. చాలా కార్లకు ఇవి మూడో నాలుగో ఉంటాయి. వరసగా నాలుగు పొయ్యిలు అనుకోండి. మొదటి పొయ్యి సరిగా అంటుకోవడం లేదు. అందుకే కారు వణికింది.

ఎందుకు అంటుకోవడం లేదు? నిప్పురవ్వ ఇచ్చే ప్లగ్గు పాడై ఉండొచ్చు. ప్లగ్గుకు కరెంటు పంపే కాయిల్ పోయి ఉండొచ్చు. పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్ మూసుకుపోయి ఉండొచ్చు. ఇంజిన్ లోపలే అరిగి ఉండొచ్చు. కోడ్ చోటు చెబుతుంది. కారణం మనిషే వెతకాలి. థర్మామీటరు జ్వరం ఉందని చెబుతుంది. ఏ జ్వరమో చెబుతుందా?

ఎలా వెతికారు?

రెండో మెకానిక్ ఇంజిన్ చల్లారే దాకా ఆగాడు. ఒకటో సిలిండర్ కాయిల్ తీసి రెండోదానికి పెట్టాడు. రెండోదాని కాయిల్ ఒకటోదానికి పెట్టాడు. పాత కోడ్ చెరిపేశాడు. కారు కొంతదూరం నడిపి మళ్లీ చూశాడు. ఈసారి పి 0302 అని పడింది!

కాయిల్‌తో పాటు తప్పు కూడా రెండో సిలిండర్‌కు వెళ్లింది. అంటే పాడైంది కాయిలే. అది మార్చారు. వణుకు పోయింది. ఇంజిన్ విప్పే పనే లేదు.

ఒకవేళ మళ్లీ 0301 అనే పడితే? అప్పుడు కాయిల్ మంచిదే. ప్లగ్గును అలాగే మార్చి చూడాలి. ఆ తర్వాతే మిగతావి.

గుర్తుంచుకోండి

పసుపు దీపం నిలకడగా వెలిగితే భయం వద్దు. కానీ త్వరగా చూపించండి.

అదే దీపం ఆరుతూ వెలుగుతూ ఉంటే వేగం తగ్గించి బండి ఆపాలి. మండని పెట్రోలు పొగ గొట్టంలోకి పోతుంది. అక్కడ పొగను శుభ్రం చేసే భాగం కాలిపోతుంది. దాని ఖరీదు చాలా ఎక్కువ.

నూనె డబ్బా బొమ్మ ఎర్రగా వెలిగితే వెంటనే బండి పక్కకు తీసి ఇంజిన్ ఆపేయాలి.

కోడ్ చెరిపేస్తే దీపం ఆరుతుంది. జబ్బు పోదు. మళ్లీ వెలుగుతుంది.

ఇంజిన్ పని మనకు రాకపోవచ్చు. అంకెలు వచ్చు కదా! నంబరు అడగండి. రాసుకోండి. "ఏ భాగం పోయిందో ఎలా తేల్చావు?" అని అడగండి. ఆ తర్వాతే డబ్బు ఇవ్వండి.

చెప్పండి చూద్దాం

1. పి 0303 అంటే ఎన్నో సిలిండర్‌లో తేడా?
2. కోడ్ చెరిపేస్తే సరిపోతుందా? ఎందుకు?