జీవితకాలం... ఎవరిది?

‘ఈ గేర్‌బాక్సులో ఆయిల్‌ జన్మలో మార్చక్కర్లేదు’ అన్నారు కొన్నప్పుడు. కారుకు ఇరవయ్యేళ్లొచ్చాయి. ఇంజిన్‌ ఇప్పటికీ పులిలా గాండ్రిస్తోంది. గేరు మాత్రం రెండు దాటి కదలనంటోంది. మరి ఆ ‘జన్మ’ ఎవరిది... కారుదా, ఆయిల్‌దా?

చూడటానికి నాలుగు తలుపుల మామూలు కారు. టై కట్టుకుని ఆఫీసుకెళ్లే పెద్దమనిషి వాహనంలా ఉంటుంది. యాక్సిలరేటర్‌ తొక్కితే తెలుస్తుంది అసలు సంగతి. నిల్చున్నచోటి నుంచి వంద కిలోమీటర్ల వేగం అందుకోవడానికి దానికి పట్టేది అయిదు సెకన్లలోపే! అదీ మెర్సిడెస్‌ ఈ55 ఏఎంజీ. 2003 నుంచి 2006 దాకా అమ్మిన ఈ మోడల్లో సూపర్‌చార్జరు బిగించిన 5.4 లీటర్ల వీ8 ఇంజిన్‌ ఉంటుంది. 476 హార్స్‌పవర్‌, 700 న్యూటన్‌ మీటర్ల టార్క్‌.

ఆ బలాన్నంతా వెనక చక్రాలకు అందించేది ఓ అయిదు గేర్ల ఆటోమేటిక్‌ గేర్‌బాక్సు. కంపెనీ లెక్కల్లో దాని పేరు 722.6. పుట్టింది 1990ల మధ్యలో. 2003లో మెర్సిడెస్‌ ఏడు గేర్ల కొత్త గేర్‌బాక్సును తెచ్చినా ఈ55కు మాత్రం పాతదాన్నే ఉంచేసింది. అంత టార్క్‌ని తట్టుకోవడం కొత్తదాని వల్ల కాదని! ఏకంగా వెయ్యి న్యూటన్‌ మీటర్ల ఎస్‌ఎల్‌65 ఏఎంజీకీ ఈ పాత డబ్బానే దిక్కయింది. సూపర్‌చార్జరున్న జాగ్వార్‌ ఎక్స్‌జేఆర్‌లోనూ ఒకప్పుడు ఇదే ఉండేది. అంత మొండిఘటమన్నమాట.

అలాంటి మొండిఘటం ఎందుకు మొరాయిస్తుంది? చాలాసార్లు కారణం పళ్లు అరిగిన గేర్లు కాదు. మాడిపోయిన ఆయిల్‌, గట్టిపడిన రెండు రబ్బరు రింగులు, ఓ చిన్న సెన్సరు. ఇంజిన్‌ బంగారంలా ఉన్నా, గేర్‌బాక్సు విప్పి మళ్లీ కట్టడానికయ్యే బిల్లు కారు ధరను మించిపోతుందని తుక్కు కిందికి తోసేసిన పాత బండ్లు ఎన్నో. సకాలంలో ఒక పూట పని చేయించి ఉంటే...


మార్చక్కర్లేదన్న మాట

మొదట్లో ఈ గేర్‌బాక్సుకు కంపెనీ ఇచ్చిన భరోసా ‘జీవితకాలానికి సరిపడా నింపాం’ అని. అందుకు తగ్గట్టే ఆయిల్‌ చూసుకునే పుల్ల కూడా పెట్టలేదు. గొట్టం ఉంటుంది. దాని మీద సీలు వేసిన మూత ఉంటుంది. తీసి చూస్తే లోపల ఖాళీ! యజమాని ఎంత బుద్ధిమంతుడైనా చూసుకోవడానికి ఏమీ లేదు. పదివేల కిలోమీటర్లకోసారి ఇంజిన్‌ ఆయిల్‌ మార్పించిన ముద్రలతో సర్వీసు పుస్తకం నిండిపోతుంది. గేర్‌బాక్సు ఊసు ఎక్కడా ఉండదు.

తర్వాత కంపెనీయే మాట మార్చుకుంది. 60,000 కిలోమీటర్ల దగ్గర ఆయిల్‌ మార్చాలంది. బీఎండబ్ల్యూ, జాగ్వార్‌ లాంటి ఎన్నో కార్లకు ఆటోమేటిక్‌ గేర్‌బాక్సులు సరఫరా చేసే జర్మనీ సంస్థ జడ్‌ఎఫ్‌ది ఇంకా చిత్రం. కార్ల కంపెనీలు ‘జీవితకాలం’ అని చెబుతుంటే, డబ్బా తయారుచేసిన జడ్‌ఎఫ్‌ మాత్రం 80,000 నుంచి 1,20,000 కిలోమీటర్లకోసారి, లేదంటే ఎనిమిదేళ్లకోసారి ఆయిల్‌ మార్చుకోండి అంటుంది. కన్నవాళ్ల మాట వినాలా, పెంచుకున్నవాళ్ల మాటా? పాత కారు కొన్నవాళ్లకు కన్నవాళ్ల మాటే క్షేమం. ఎందుకంటే ‘జీవితకాలం’ అంటే ఎన్నేళ్లో ఎవరూ రాసివ్వలేదు. మొదటి యజమాని దగ్గరున్నంత కాలమే జీవితం అనుకుంటే ఆ మాట నిజమే కావచ్చు. మూడో యజమానికి, నాలుగో యజమానికి అది ఎలా వర్తిస్తుంది!


లోపల ఏం జరుగుతుంది?

మామూలు కారులో ఇంజిన్‌కీ గేర్లకీ మధ్య క్లచ్‌ ప్లేటు ఉంటుంది. ఆటోమేటిక్‌లో ఆ పని టార్క్‌ కన్వర్టరుది. రెండు ఫ్యాన్లను ఎదురెదురుగా పెట్టి ఒకటి ఆన్‌ చేస్తే, ఆ గాలికి రెండోదీ తిరుగుతుంది కదా. ఇక్కడ గాలికి బదులు ఆయిల్‌. జర్మనీ ఇంజినీరు హెర్మన్‌ ఫోటింగర్‌ 1905లో దీనికి పేటెంటు తీసుకున్నది కార్ల కోసం కాదు, ఓడల కోసం.

కాబట్టి ఈ ఆయిల్‌ ఇంజిన్‌ ఆయిల్‌లా అరుగుదలను ఆపి ఊరుకునేది కాదు. బలాన్ని మోసేది అదే. పీడనంతో క్లచ్‌లను నొక్కి గేరు మార్చేది అదే. లోపల పుట్టే వేడిని మోసుకెళ్లి రేడియేటరు దగ్గర దించేదీ అదే. ఇన్ని పనులు చేసేది వేడికి మాడకుండా ఉంటుందా? ఉష్ణోగ్రత పది డిగ్రీలు పెరిగితే ఆయిల్‌ చెడిపోయే వేగం దాదాపు రెట్టింపవుతుందని ఇంజినీర్లు మోటుగా ఓ లెక్క చెబుతారు. కొత్తలో చెర్రీపండులా ఎర్రగా ఉండే ఆయిల్‌ నెమ్మదిగా గోధుమరంగుకు, ఆపైన కషాయం రంగుకు తిరుగుతుంది. మాడు వాసన వస్తుంది.

722.6లో ఇంకో మెలిక ఉంది. కన్వర్టరులో జారుడు వల్ల పెట్రోలు వృథా కాకుండా లోపల లాకప్‌ క్లచ్‌ అని ఒకటుంటుంది. అది పూర్తిగా పట్టేయకుండా కొద్దికొద్దిగా జారుతూ పట్టుకోవాలి. ఆ జారుడు మెత్తగా సాగడానికి ఆయిల్‌లో కొన్ని రసాయనాలు కలుపుతారు. అవి అయిపోయాక జారుడు కాస్తా గీరుడవుతుంది. ఒకే వేగంతో, కాలు తేలిగ్గా పెట్టి పోతుంటే కారు సన్నగా వణుకుతుంది... స్పీడు తగ్గించడానికి రోడ్డుకు అడ్డంగా వేసే తెల్ల పట్టీల మీద పోతున్నట్టు. చాలామంది టైర్లను అనుమానించి అలైన్‌మెంటుకు వెళతారు. ఆయిల్‌ని అనుమానించాల్సిన చోటు అది.


అసలు పని

పాత మెర్సిడెస్‌ల్లో చేయి తిరిగిన మేస్త్రీకి ఇది సగం పూట పని. కావాల్సిందల్లా తొందర లేకపోవడం. ఇంకా, శుభ్రమైన చేతులు! లోపలి కవాటాలకు ఇసుకరేణువు చాలు అడ్డం పడటానికి.

కారును ఏమాత్రం వంపు లేకుండా లిఫ్టు ఎక్కిస్తారు. మెకానిక్కులు ‘చాంబరు’ అని పిలుచుకునే అడుగు తొట్టి ప్లగ్గు విప్పితే ఆయిల్‌ దిగుతుంది. అక్కడితో అయిపోయిందనుకుంటే పొరపాటే. దిగింది సుమారు సగమే! మిగతాది కన్వర్టరులో దాక్కుంటుంది. కొన్ని కార్లలో కన్వర్టరుకూ ఓ ప్లగ్గు ఉంటుంది. ఇంజిన్‌ని ముందువైపు నుంచి పానాతో నెమ్మదిగా తిప్పుతూ పోతే అది కంతలోకి వస్తుంది. తర్వాతి తయారీలో ఆ ప్లగ్గు ఎత్తేశారు. అలాంటి కార్లకు ఇప్పుడు ఒకసారి, కొన్ని వందల కిలోమీటర్లు తిప్పాక ఇంకోసారి మార్చడం తేలికైన దారి.

తర్వాత చాంబరు విప్పాలి. ఆరే బోల్టులు. అందులో ఓ అయస్కాంతం ఉంటుంది. గేర్‌బాక్సు ఆరోగ్యం చెప్పేది ఇదే. దానికి విభూతిలా మెత్తటి బూడిదరంగు ముద్ద అంటుకుని ఉంటే కంగారేం లేదు. అన్నేళ్లు తిరిగాక ఆ మాత్రం అరుగుదల సహజం. గోరుకు తగిలే లోహపు ముక్కలు కనిపించాయా... ఆయిల్‌ మార్చినా దక్కకపోవచ్చు. ఫిల్టరును లాగేసి కొత్తది నొక్కుతారు. చాంబరుకు కొత్త రబ్బరు ప్యాకింగు వేస్తారు. బోల్టులు మళ్లీ బిగించేటప్పుడు కండబలం చూపకూడదు. వాటికి చెప్పిన బిగువు 8 న్యూటన్‌ మీటర్లే. చిన్న టార్క్‌ రెంచి లేని షెడ్డులో ఈ పని చేయించకపోవడమే మంచిది.

చాంబరు విప్పే ఉంది కదాని చూడాల్సింది ఇంకోటుంది. గేర్‌బాక్సు పక్కన వైర్లు లోపలికెళ్లే చోట ప్లాస్టిక్‌ ప్లగ్గుకు రెండు ఓరింగులుంటాయి. ఏళ్ల వేడికి అవి గట్టిపడి పట్టు వదిలేస్తాయి. ఆయిల్‌ కింద కారితే పర్లేదు, మరక కనబడుతుంది. కానీ అది వైర్ల గుండా పైకి పాకుతుంది, దీపం వత్తిలో నూనె పాకినట్టు! అలా పాకి పాకి గేర్‌బాక్సును నడిపించే కంప్యూటరు దాకా చేరుతుంది. ఆ ప్లగ్గు ఖరీదు చాలా తక్కువ. అది పాడుచేసే కంప్యూటరు ఖరీదు అడక్కూడదు. అందుకే తెలిసిన మేస్త్రీలు ఆయిల్‌తోపాటు దాన్నీ మార్చేస్తారు, కారినా కారకపోయినా.

వేగాన్ని లెక్కపెట్టే సెన్సర్లున్న కండక్టర్‌ ప్లేటు కూడా ఇక్కడే ఉంటుంది. ఉన్నట్టుండి కారు రెండో గేరులో ఇరుక్కుపోయి ఎంత తొక్కినా పైకి వెళ్లకపోతే, ఇంజిన్‌ ఆపి కాసేపాగి స్టార్ట్‌ చేస్తే మళ్లీ మామూలైపోతే, ముందు చూడాల్సింది ఈ ప్లేటునే. ‘గేర్‌బాక్సు పోయింది సార్‌’ అని ఎవరైనా అంటే ఇంకో షెడ్డులో చూపించడం మంచిది.

ఇక నింపడం. ఇంజిన్‌ ఆపి కొలిస్తే లెక్క తప్పు. బండి చదును మీద ఉండాలి, ఇంజిన్‌ నడుస్తుండాలి, లీవరు ‘పీ’లో ఉండాలి, ఆయిల్‌ వేడి 80 డిగ్రీలకు చేరాలి. ఆ వేడిని చెప్పడానికి స్కానరు, కొలవడానికి వర్క్‌షాపువాళ్ల దగ్గరుండే పొడవాటి పుల్ల కావాలి. పుల్ల మీద 25 డిగ్రీలకో గుర్తు, 80 డిగ్రీలకో గుర్తు ఉంటాయి. ఆయిల్‌ వేడెక్కితే వ్యాకోచిస్తుంది మరి. చల్లగా ఉన్నప్పుడు పై గుర్తు దాకా పోసేస్తే వేడెక్కాక ఎక్కువై, తిరిగే గేర్లు దాన్ని మజ్జిగలా చిలికి నురగ చేసేస్తాయి. తక్కువైతే పంపు గాలి పీలుస్తుంది. రెండూ చేటే. ఎర్రగా ఉన్న ఏ ఆయిలైనా ఒకటే అనుకోవడమూ అంతే. కంపెనీ ఆమోదం నంబరు 236.14 ఉన్నది దీనికి సరిపోతుంది. కొత్త ఏడు గేర్ల డబ్బాల కోసం వచ్చిన పలుచటి 236.15 సరిపోదు.


‘ముట్టుకుంటే పోతుంది’

పాత గేర్‌బాక్సు ఆయిల్‌ మార్చమంటే చాలా షెడ్లలో వినిపించే మాట... ‘ఇన్నాళ్లు బాగానే ఉంది కద సార్‌. ఇప్పుడు ముట్టుకుంటే పోతది’. పూర్తిగా గాలిమాటేం కాదిది. కాకపోతే కారణం తిరగబడింది. ఎక్కువమంది ఆయిల్‌ మార్పించేది గేర్లు జారడం మొదలయ్యాకే. అప్పటికే లోపలి క్లచ్‌లు అయిపోయి ఉంటాయి. కొత్త ఆయిల్‌ పోసిన నెలకు బండి ఆగిపోతుంది. నింద ఆయిల్‌ మీద పడుతుంది! మెషిన్‌ పెట్టి పీడనంతో కడిగేయడం మాత్రం నిజంగానే ప్రమాదం కావచ్చు. ఎక్కడో అడుగున పేరుకున్న మడ్డి కదిలి కవాటాల్లో ఇరుక్కోవచ్చు. దాని బరువుతో దాన్నే దిగనివ్వడం మేలు.

ఆయిల్‌ మార్చినా లాభం లేని సందర్భం ఇంకోటుంది. గేర్‌బాక్సు ఆయిల్‌ని చల్లబరిచే గొట్టాలు రేడియేటరులోనే ఉంటాయి. ఒకే పెట్టెలో ఓ గది నీళ్లకు, ఓ గది ఆయిల్‌కు. మధ్య గోడ చిట్లితే కూలెంట్‌ వెళ్లి గేర్‌బాక్సులో కలుస్తుంది. 2000ల తొలినాళ్ల మెర్సిడెస్‌ కార్లు కొన్నింటిని ఈ తంటా బాగా ఇబ్బంది పెట్టింది. బాగా కలిసిపోతే ఆయిల్‌ రోజ్‌మిల్క్‌లా అవుతుంది. కొంచెమే కలిస్తే కంటికి తెలియదు. కానీ క్లచ్‌ల మీది పట్టుపొరను ఊడగొట్టడానికి ఆ కొంచెం చాలు. అందుకే అన్నేళ్ల పాత రేడియేటరును అలాగే ఉంచి ఆయిల్‌ ఒక్కటే మార్చడం సగం సర్వీసు.


మన రోడ్ల మీద...

ఈ55లు అమెరికా, ఐరోపా, గల్ఫ్‌ దేశాల్లో కనిపించినంతగా మన దగ్గర కనిపించవు. అయితే 722.6 కుటుంబం మనకేం కొత్త కాదు. పుణేలో తయారై హైదరాబాద్‌, విజయవాడల్లో ఇప్పటికీ సెకండ్‌హ్యాండ్‌లో చేతులు మారుతున్న 2000ల నాటి ఈ-క్లాస్‌ డీజిల్‌ కార్లలోనూ ఈ గేర్‌బాక్సు ఉంది.

వాటికి ఇక్కడ పడే శిక్ష ఎక్కువ. అమీర్‌పేట నుంచి హైటెక్‌సిటీకి సాయంత్రం ఆరింటికి బయలుదేరితే బండి పాకుతూనే ఉంటుంది. టార్క్‌ కన్వర్టరులో ఆయిల్‌ ఎక్కువ చిలికేది సరిగ్గా అలా పాకేటప్పుడే. పైగా మే నెల ఎండ, నిండుగా ఏసీ, రేడియేటరుకు తగలని గాలి. మీటరు చూపించే కిలోమీటర్లు కొన్నే అయినా ఆయిల్‌ పడ్డ కష్టం చాలా ఎక్కువ. అందుకే ఇక్కడ 60,000 అన్నది గరిష్ఠం అనుకోవాలే తప్ప అంతదాకా ఆగొచ్చని కాదు. పాత పెద్దకారు చౌకగా వస్తోందని కొనబోయేవాళ్లు అమ్మేవాళ్లను అడగాల్సిన మొదటి ప్రశ్న ‘మైలేజీ ఎంతిస్తుంది?’ కాదు, ‘గేర్‌బాక్సు ఆయిల్‌ బిల్లుందా?’. చల్లటి ఇంజిన్‌తో ఓసారి, అరగంట ట్రాఫిక్‌లో తిప్పి బాగా వేడెక్కాక ఇంకోసారి నడిపి చూడాలి. చల్లగా ఉన్నప్పుడు మర్యాదగా ఉండి వేడెక్కాక ‘డీ’ వేయగానే దబ్‌మని తన్నే బండ్లుంటాయి.

సర్వీసు అయ్యాక గేర్‌బాక్సు కంప్యూటరు పాత ఆయిల్‌తో నేర్చుకున్న లెక్కలను స్కానరుతో చెరిపేయించాలి. మొదటి కొద్ది రోజులు గేర్లు కాస్త ముందూ వెనకా పడొచ్చు. అది కొత్త లెక్కలు నేర్చుకుంటోందని అర్థం. వారం పోయాక మరోసారి లిఫ్టు ఎక్కించి, వైర్ల ప్లగ్గు చుట్టూ తెల్లగుడ్డతో తుడిచి చూడాలి. గుడ్డకు ఎరుపు అంటకపోతే ఓరింగులు కూర్చున్నట్టే.