కొండమీది పేర్ల పట్టిక

ఫోన్ తెరిస్తే కనిపించేవి చాలావరకు జాబితాలే. కాంటాక్టులు, వాట్సాప్ చాట్‌లు, బ్యాంకు లావాదేవీలు... అన్నీ ఒకదాని కింద ఒకటి పేర్చిన అడ్డవరుసలు. ఇంతకన్నా తేలికైన పని ఏముంటుందనిపిస్తుంది. అనంతగిరి లాంటి కొండ మండలంలో అంగన్‌వాడీ టీచరు చేతిలోని చవక ఫోన్లో అదే జాబితా తడబడకుండా నడవాలంటే మాత్రం తతంగం చాలానే ఉంది.

అంగన్‌వాడీ పనంతా ఒకప్పుడు పదకొండు రిజిస్టర్లలో సాగేది. వాటిలో పదింటిని ఫోన్లోకి తెచ్చింది ఐసీడీఎస్-క్యాస్ అనే యాప్. పోషణ్ అభియాన్ రోజుల్లో అది నడిచిన రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. 2021లో దాని స్థానంలోకి పోషణ్ ట్రాకర్ అనే మరో యాప్ వచ్చింది. క్యాస్‌కు పునాది కామ్‌కేర్. డిమాగీ అనే అమెరికా సంస్థ తయారుచేసిన ఓపెన్‌సోర్స్ సాఫ్ట్‌వేర్ ఇది. అంటే దాని కోడ్ ఎవరైనా చదవొచ్చు, తమకు కావలసినట్టు మార్చుకోవచ్చు. దాని లోపలి ఫారాల యంత్రాంగం పేరు జావారోసా. వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో 2008లో మొదలైన ఓడీకే అనే సర్వే సాధనం కూడా దాన్నే వాడుకుంది. ఓడీకేలో ఫారం తయారుచేయాలంటే కోడ్ రాయక్కర్లేదు. ఎక్సెల్ షీటులో వరుసకో ప్రశ్న రాస్తే చాలు, ఆ షీటే ఫోన్లో ఫారమై తెరుచుకుంటుంది.

ఇక జాబితా సంగతి. ఐదొందల పేర్లుంటే ఫోన్ ఐదొందల వరుసలు గీసి పెట్టుకోదు. అలా గీస్తే తక్కువ మెమరీ ఉన్న ఫోన్ అక్కడే బిగుసుకుపోతుంది. తెరమీద పట్టేది పది వరుసలైతే, ఇంకో రెండు మూడు కలిపి అన్నిటినే తయారుచేస్తుంది. పెళ్లిలో బంతి భోజనాల్లాగన్నమాట. కుర్చీలు అవే, కూర్చునేవాళ్లే మారతారు. వేలితో పైకి జరిపినప్పుడు పైన మాయమైన వరుసే కొత్త పేరు తొడుక్కుని కింద ప్రత్యక్షమవుతుంది. ఐఫోన్లో 2008 నుంచి ఉన్న యూఐటేబుల్‌వ్యూ, ఆండ్రాయిడ్‌లో 2014లో వచ్చిన రీసైక్లర్‌వ్యూ, జాబితాలు చూపే ఈ రెండు సాధనాల కిటుకూ ఇదే.

చిక్కల్లా ఇక్కడే వస్తుంది. లేచినవాళ్ల ఎంగిలి తుడవకుండా కొత్తవాళ్లను కూర్చోబెడితే? ఒక బిడ్డకు టీకా వేసినట్టు పెట్టిన టిక్కు, జాబితా కాస్త జరపగానే ఇంకో బిడ్డ పేరు పక్కన కనిపిస్తుంది. యాప్‌లు రాసే ప్రోగ్రామర్లకు బాగా పరిచయమైన తప్పిది. ఫొటోల యాప్‌లో అయితే నవ్వి ఊరుకోవచ్చు, టీకాల జాబితాలో కుదరదు.

ఇలాంటి పాత తలనొప్పులను ఎవరికి వారు మళ్లీ మొదటినుంచి పడకుండా ఉండేందుకే ఓపెన్‌సోర్స్ లైబ్రరీలు, అంటే ఎవరైనా తెచ్చి వాడుకునేలా ముందే రాసిపెట్టిన కోడ్ కట్టలు, పుట్టాయి. 2016లో ఇన్‌స్టాగ్రామ్ ఐజీలిస్ట్‌కిట్‌నూ, ఎయిర్‌బీఎన్‌బీ ఎపాక్సీనీ అందరికీ ఉచితంగా ఇచ్చేశాయి. జాబితాలో రెండు పేర్లు చేరి ఒకటి పోతే మొత్తం మళ్లీ గీయకుండా, మారినవేవో లెక్కగట్టి అంతవరకే సరిచేస్తాయివి. ఐజీలిస్ట్‌కిట్ ఇందుకు వాడే పద్ధతి 1978లో పాల్ హెకెల్ ప్రచురించినది. సెల్‌ఫోన్లు ఇంకా జనం చేతికి రాని కాలపు లెక్క ఇప్పుడు మన వేలి కింద నడుస్తోంది!

అయితే ఈ లైబ్రరీలు రాసినవాళ్ల కళ్లముందు ఉన్నది ఎక్కువగా ఇంగ్లీషు అక్షరమే. వరుస ఎత్తు ఇంత అని బిగించేస్తే ‘లక్ష్మి’లో వత్తు అడుగున తెగిపోతుంది. వరుస తన ఎత్తును లోపలి అక్షరాలను బట్టి తానే తేల్చుకునేలా రాయాలి. ఆ సదుపాయం ఉంది, వాడాలన్న ధ్యాసే తరచూ ఉండదు.

అంతకన్నా పెద్ద ప్రశ్న, వరుసలో అసలేం రాయాలి? ఈ కొండల్లో కొర్రా, కిల్లో, పాంగి, వంతల, గెమ్మెలి లాంటి ఇంటిపేర్లు ఊరూరా ఉంటాయి. ఒకే ఇంటిపేరు, ఒకే పేరు ఉన్న ఇద్దరు గర్భిణులు ఒకే జాబితాలో పక్కపక్కన రావడం ఏమంత వింత కాదు. హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో కూర్చుని యాప్ గీసేవారికి పేరు, వయసు సరిపోతాయనిపించవచ్చు. ఇక్కడ భర్త పేరు, ఊరి పేరు కూడా ఆ వరుసలోనే కనిపించాలి. లేకపోతే ఒకరి బరువు మరొకరి ఖాతాలో పడుతుంది. ఏ లైబ్రరీ ఈ సంగతి చెప్పలేదు, టీచరును అడగాల్సిందే. కామ్‌కేర్ వంటి వాటిలో నాకు నచ్చిందల్లా, ఏ గడిలో ఏం కనిపించాలో కోడ్ ముట్టకుండానే మార్చుకునే వీలు.

ఇక సిగ్నల్. ఘాట్ రోడ్డు వదిలి లోపలికి వెళ్తే టవర్ అందని ఊళ్లున్నాయి. అందుకే కామ్‌కేరైనా ఓడీకే అయినా నింపిన ఫారాన్ని ముందు ఫోన్లోనే దాచి, సిగ్నల్ దొరికాక సర్వర్‌కు పంపుతాయి. ఏ వరుస చేరిందో, ఏది ఇంకా ఫోన్లోనే ఉందో తెలిపే చిన్న గుర్తు జాబితాలో ఉంటే, టీచరు అదే ఫారాన్ని రెండోసారి నింపే పని తప్పుతుంది.