చేతికి తెలియు బరువు

నూజివీడు తోటలలో రసాలు కోయువారు పొడవైన గెడ కొనకు చిక్కము కట్టి కాయను దింపుదురు. కాయ చిక్కములో పడగానే గెడ యంతయు బరువెక్కినట్లు తోచును. చేరినది ఒక్క కాయయే. కాని అది చేతికి దూరముగా చేరినది. రాకెట్టు సంగతియు నిట్టిదే.

రాకెట్టులో మొదట చూడవలసినది బరువు. షటిల్ సుమారు 5 గ్రాములే గనుక దానిని కొట్టు రాకెట్టు 100 గ్రాములకు లోపే యుండును. బాల్ బాడ్మింటన్ ఉన్ని బంతియు, స్క్వాష్ రబ్బరు బంతియు అంతకు నాలుగు రెట్లకు మించి తూగును. వాని రాకెట్లును బరువైనవి.

రెండవది సమతూకము. రాకెట్టును చూపుడువ్రేలిపై అడ్డముగా నిలుపుడు. నిలిచిన చోటు తలవైపునకు జరిగియున్నచో దెబ్బకు బలము హెచ్చును. కాని మణికట్టు త్వరగా అలయును. పిడివైపునకు జరిగియున్నచో రాకెట్టు చురుకుగా తిరుగును. కావుననే సమాన బరువుగల రెండు రాకెట్లు చేతికి సమానముగా తోచవు.

మూడవది చేతి పొందిక. పిడి లావు, తంతుల బిగువు, బంతి తగిలినపుడు కలుగు అదురు ఆడి చూచిననే తెలియును.

బాల్ బాడ్మింటన్‌లో 1970లో అర్జున పురస్కారము పొందిన జమ్మలమడక పిచ్చయ్యగారు తెలుగువారే. అట్టివారిని తలచి ఉత్సాహపడు బాలుడు పెద్దల రాకెట్టునకు ఆశపడరాదు. ఆట ముగియువరకు మణికట్టును నొప్పింపక, చేయి చెప్పినట్లు వినునదే అతనికి తగిన రాకెట్టు.