శిక్షకుడూ, ప్రేక్షకుడూ

ఫుట్‌బాల్ మైదానపు గట్టు మీద నిలబడిన ప్రతి ప్రేక్షకుడూ తనను తాను ఒక శిక్షకునిగానే భావించుకొంటాడు. ఫలానావాణ్ణి ఎందుకు ఆడించారు, ముందుకు పోవలసిన వేళ వెనుకకెందుకు తగ్గారు, ఒక గోలు ఆధిక్యం ఉండగా అంత తొందర యేమిటి అనే ప్రశ్నలు మన శృంగవరపుకోటలో కళాశాలల పోటీ చూసేవారి నోటా వినవచ్చు, కలకత్తాలో వేలాదిమంది నోటా వినవచ్చు. జట్టు ఓడిన మర్నాడు శిక్షకుని మార్చవలసినదిగా విద్యార్థులు అర్జీ పెట్టడం, కమిటీవారు దాన్ని పరిశీలనకు స్వీకరించడం కళాశాలలకు కొత్త కాదు. అభిమానం లేనిచోట ఆగ్రహమూ ఉండదు కనుక ఆ అర్జీలను నేను తేలికగా తీసివేయను. కాని అర్జీలో ఎవరి పేరు వ్రాయవలసినదో నిర్ణయించడానికి శిక్షకుని అధికారం ఎంతవరకో ముందుగా తెలియాలి.

అమెరికా విశ్వవిద్యాలయాలలో ఫుట్‌బాల్ పేరిట ఆడే ఆట వేరు. అందులో బంతిని చేతబట్టి పరుగెత్తుతారు, విసురుతారు. ఒక ఎత్తుకూ మరొక ఎత్తుకూ నడుమ ఆట ఆగుతుంది. సుమారు 40 సెకన్ల వ్యవధిలో శిక్షకవర్గం తరువాతి ఎత్తును నిర్ణయించి మైదానంలోకి పంపుతుంది. చదరంగంలో పావు కదిపినట్లే! అందుచేత అక్కడి ప్రేక్షకుడు ‘ఈ ఎత్తు తప్పు’ అని శిక్షకుని నేరుగా వేలెత్తి చూపగలడు. టెక్సాస్ ఎ అండ్ ఎం విశ్వవిద్యాలయం 2023లో జింబో ఫిషర్ అనే శిక్షకుని ఒప్పందం ముగియకముందే తొలగించి, అందుకు పరిహారంగా 7 కోట్ల 50 లక్షల డాలర్లకు పైబడి చెల్లించడానికి సిద్ధపడినది. (అందులో వెయ్యోవంతు దొరికితే మన మైదానానికి చుట్టుగోడ వచ్చును.)

మనమాడే ఫుట్‌బాల్‌లో అట్టి విరామాలు లేవు. ఆట 45 నిమిషాలు ఏకధారగా సాగుతుంది. గట్టు మీది కేక అవతలి అంచున ఉన్న ఆటగానికి వినబడదు. శిక్షకుని పని ముప్పాతిక పాలు ఈల మోగకముందే ముగిసిపోతుంది. ఈనాడు నడుమ ఐదుగురిని మార్చుకొనే వీలైనా ఉన్నది. ప్రపంచ కప్పు పోటీలలో ఆటగాళ్లను మార్చుకొనే పద్ధతి 1970లో గాని రాలేదు. పూర్వపు శిక్షకుడు పదకొండు పేర్లు వ్రాసి ఇచ్చిన తరువాత చేతులు కట్టుకొని కూర్చోవలసినదే.

అట్టి కాలపు శిక్షకుడు సయ్యద్ అబ్దుల్ రహీం. 1909లో హైదరాబాదులో జన్మించి, ఉస్మానియాలో చదివి, బడిపంతులుగా జీవితం ప్రారంభించిన వారు. హైదరాబాదు సిటీ పోలీసు జట్టు 1950 మొదలు 1954 వరకు వరుసగా ఐదు పర్యాయాలు బొంబాయి రోవర్స్ కప్పు గెలిచినది ఆయన శిక్షణలోనే. 1951లో ఢిల్లీలో జరిగిన తొలి ఆసియా క్రీడలలో ఆయన తీర్చిన భారత జట్టు ఇరాన్‌ను 1-0తో ఓడించి స్వర్ణం పొందినది. మరుసటి ఏడే హెల్సింకీ ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 10-1 తేడాతో చిత్తుగా ఓడినది.

ఒక్క ఏడాదిలో ఆ శిక్షకుని బుద్ధి మందగించినదా? మనవారు పలువురు ఆ చలిలో పాదరక్షలు లేకుండా ఆడారు. ప్రత్యర్థులు ఆ పోటీలో ఫైనల్ వరకు వెళ్లిన జట్టు. వీటికి తోడు నాటి మన వ్యూహం పాతది. వెనుక ఇద్దరు, నడుమ ముగ్గురు, ముందు ఐదుగురు అనే అమరిక అది. ముందు ఐదుగురు ఉండడం కన్నుల పండుగే గాని, బంతి చేజారిన క్షణాన వెనుక ఇద్దరే దిక్కు. ఐరోపావారు నడిమి వరుసలోని మధ్య ఆటగాణ్ణి వెనుకకు దించి మూడవ రక్షకునిగా నిలిపారు. తరువాత వారు నలుగురైనారు. దాడికి అలవాటుపడిన కంటికి ఈ మార్పు పిరికితనంగా తోస్తుంది. మన గట్టు మీద ‘వెనుక ఎందుకురా అంతమంది’ అనే కేక వినని ఆట ఉన్నదా? ఆ ఓటమి తరువాత మన ఫుట్‌బాల్ సమాఖ్య బూట్లను తప్పనిసరి చేసినది. వ్యూహమూ మారినది. 1956లో మెల్‌బోర్న్‌లో అదే రహీం శిక్షణలో మన జట్టు ఆతిథేయులైన ఆస్ట్రేలియావారిని 4-2తో ఓడించి నాల్గవ స్థానంలో నిలిచినది. ఆ ఆటలో నెవిల్ డిసౌజా ఒక్కడే 3 గోళ్లు చేశాడు.

ఇక 1962 జకార్తా ఆసియా క్రీడలు. తొలి ఆటలోనే దక్షిణ కొరియా చేతిలో 2-0తో ఓటమి. అర్జీలు వ్రాసేవారు ఆనాడక్కడ ఉండి ఉంటే ఆ రాత్రికే కాగితం సిద్ధమయ్యేది. తరువాత థాయిలాండ్‌పై గెలిచారు గాని, ఆ ఆటలో రక్షణ వరుసకు మూలస్తంభమైన జర్నైల్ సింగ్ తలకు గాయమై కుట్లు పడ్డాయి. అతడు లేకుండానే జపాన్‌పై నెగ్గారు. సెమీ ఫైనల్‌కు రహీం అతన్ని రక్షకునిగా గాక, ముందు వరుస నడుమ దాడి చేసేవానిగా దింపారు! కుట్లు ఆరని తలతో, అలవాటు లేని చోట! ఆ ఆటలో జర్నైల్ గోలు చేశాడు. ఫైనల్‌లో మళ్ళీ అదే కొరియా ఎదురైనది. ఇజ్రాయెల్, తైవాన్ జట్లను రానీయకపోవడాన్ని భారత ప్రతినిధి ఒకరు విమర్శించినందున జకార్తా ప్రేక్షకులంతా మనపై కోపంగా ఉన్నారు. తొలి అర్ధభాగంలో పి.కె. బెనర్జీ ఒక గోలు, జర్నైల్ ఒక గోలు. 2-1తో స్వర్ణం మనది.

గెలిచారు కనుక అది ప్రతిభ అంటున్నాము. జర్నైల్ ఆ రెండు గోళ్లు చేయక, వెనుక ఖాళీ చేసిన చోటునుండి కొరియావారు చొరబడి ఉంటే అదే నిర్ణయాన్ని మూర్ఖత్వమని ఉందుము. నిర్ణయం మాత్రం ఒక్కటే! రహీం దాన్ని ఏ ఆధారంతో చేశారన్నది ఫలితం చూసి తెలిసేది కాదు. ఆయన పది నెలలు తిరగకముందే, 1963 జూన్‌లో, క్యాన్సరుతో కన్నుమూశారు.

నాయకత్వమే జట్టును ముంచిన ఉదంతాలు లేవా అంటే, అందుకు దూరం పోనక్కరలేదు. క్రికెట్‌లో ‘విజ్జీ’గా ప్రసిద్ధుడైన మన విజయనగర రాజకుమారుడు 1936లో ఇంగ్లండు వెళ్లిన భారత జట్టుకు నాయకుడు. అంతకు నాలుగేళ్ల మునుపు మనదేశపు తొలి టెస్టుకు నాయకత్వం వహించిన తెలుగు కుటుంబీకుడు సి.కె. నాయుడు ఆయన క్రింద ఆడవలసి వచ్చినది. తొలి టెస్టుకు ముందే లాలా అమర్‌నాథ్‌ను క్రమశిక్షణ పేరిట ఇంటికి పంపివేశారు. మూడు టెస్టులలో రెండు ఓడిపోయాము. నాయకుడు ఆరు ఇన్నింగ్సులలో చేసినవి 33 పరుగులు. విచారణ జరిపిన బోమాంట్ కమిటీ ఆ నాయకత్వాన్ని తప్పుపట్టినది. మన జిల్లావాడని దాచుకొనే విషయం కాదిది. ఆనాటి ఆగ్రహం న్యాయమైనదే, ఎందుకనగా అది ఆటలోని అదృష్టం మీద గాక, ఎంపికలోని పక్షపాతం మీద వచ్చినది.

దీనికి విరుద్ధమైన ఉదాహరణ మొన్నటిది. హైదరాబాదు ఎఫ్.సి. జట్టు 2022 మార్చిలో ఇండియన్ సూపర్ లీగ్ గెలిచినది. రెండేళ్లకు, 2023-24లో, 22 ఆటలలో ఒక్కటే గెలిచి అట్టడుగున నిలిచినది. ఆ నడుమ ఆటగాళ్లకు జీతాలు అందలేదు, విదేశీయులు వెళ్లిపోయారు, కొత్తవారిని చేర్చుకోకుండా నిషేధం పడినది. థాంగ్‌బోయ్ సింగ్తో అనే శిక్షకుడు కుర్రవాళ్లతో ఆ ఏడాది ఈడ్చుకొచ్చాడు. స్కోరు మాత్రమే చూసినవానికి దోషి ఆయనే. 2025లో ఆ క్లబ్బే ఢిల్లీకి తరలిపోయినది.

విద్యార్థి మిత్రులు ఈసారి అర్జీ వ్రాసేటప్పుడు దానికి సాధన రిజిస్టరు నకలు జతచేయాలని నా సూచన. ఎన్ని సాయంత్రాలు సాధన జరిగినది, ఎందరు హాజరైనారు, ఎంపిక ఏ రోజున జరిగినది, ఎవరి సిఫారసుపై ఎవరు చేరారు అన్నవి అందులో ఉంటాయి. కమిటీవారు కూడా ఆ పక్కనే ఆ ఏడాది కొన్న బంతులెన్నో, బూట్లెన్ని జతలో వ్రాయించాలి. ఆ కాగితాలన్నీ బల్ల మీద పెట్టుకొన్న తరువాత డ్రిల్లు మాస్టారిని పిలిపించి, ఆయన పథకమేమిటో ఆయన నోటనే వినవచ్చును.